మెడకు ఆపరేషన్ అన్నరు.. సెకండ్ ఒపీనియన్ ఎక్కడ తీసుకుంటే మేలు?

డాక్టర్ ఎమ్మారై చూసి మెడల డిస్క్ జారింది ఆపరేషన్ చెయ్యాలె అన్నడంటే ఇంట్ల పంచాయితీ షురూ అయితది, ఒకాయన నిమ్స్ అంటడు, బామ్మర్ది కార్పొరేట్ హాస్పిటల్‌ల తెలిసినోళ్లున్నరంటడు, ఇంకొకరు బీబీనగర్ ఎయిమ్స్ అంటరు. నన్నడిగితే హాస్పిటల్ సంగతి తర్వాత, ముందు ఒక్కటి తేలాలె: నొక్కుకున్నది చేతికి పోయే నరమా, వెన్నుపామా?

నరమైతే ఒక చెయ్యి గుంజుతది, తిమ్మిరెక్కుతది, నొప్పికి రాత్రి నిద్రుండదు, అయినా చాలామందికి మందులు, ఫిజియోథెరపీతోటే కొన్ని వారాలల్ల తగ్గుతది. చెయ్యి బలం తగ్గుతలేదంటే రెండో డాక్టర్‌ను నిమ్మళంగ చూసుకోవచ్చు. వెన్నుపాము అట్ల కాదు, నొప్పి పెద్దగ లేకనే మనిషి ఖరాబైతడు, అంగి గుండీలు పెట్టుకోరాదు, అన్నం కలుపుకుంటే వేళ్లల్ల నుంచి జారుతది, కాళ్లు బిర్రుగై తూలుతడు, చెప్పు ఊడిపోయిన సంగతి గూడ తెల్వది. ఇవి కనిపిస్తే సెకండ్ ఒపీనియన్ తీసుకోవాలె గానీ రోజులల్లనే అయిపోవాలె, నెలలు పట్టొద్దు. కాళ్లు చేతులు పడిపోయినా, మూత్రం బందైనా సీదా ఎమర్జెన్సీకే, ఇగ ఒపీనియన్ల ముచ్చట లేదు.

ఇప్పుడు ఎక్కడికంటే, నల్గొండ దిక్కు పెద్దమనుషులైతే నా ఓటు నిమ్స్‌కే. ఎందుకంటే మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లకు వెన్నెముక ఎముకలు గట్టిపడుడే గాదు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు గూడ ఎముక లెక్కయితయి, లోపల వెన్నుపాముకు జాగ ఇరుకైతది. ఉత్త డిస్క్ ఆపరేషన్ వేరు, ఇది వేరు, గట్టిపడ్డది వెన్నుపాము మీది పొరకు అతుక్కొని ఉంటే తీసుడు మస్తు కష్టం. నిమ్స్ డైరెక్టర్‌గ చేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ (ఆ నీళ్లతోటి వచ్చే ఈ ఎముకల జబ్బు) మీద పరిశోధన చేసినాయన, అంటే అక్కడ ఈ జబ్బు కొత్త కాదు. ఎక్కడికి పోయినా ఏ ఊరి నీళ్లు ఎన్నేండ్లు తాగిన్రో మీరే చెప్పాలె, అడిగేదాంక ఆగొద్దు. నిమ్స్‌తోటి ఇబ్బందల్లా రద్దీ, పొద్దుగాల్నే పోవాలె, ఒక్కరోజుల అయిపోతదని ఆశ పెట్టుకోవద్దు.

బీబీనగర్ ఎయిమ్స్ భువనగిరి, చౌటుప్పల్ దిక్కోళ్లకు దగ్గర, మహబూబ్‌నగరోళ్లకు మాత్రం సిటీ దాటి పోవుడే, వాళ్లకు నిమ్సే నయం. పోయేముందు ఆ రోజు వెన్నుపూస చూసే డాక్టర్ ఓపీ ఉందో లేదో కనుక్కోండి.

కార్పొరేట్‌ల పని జల్దీ అయితది, వెన్నుపాము కేసుల అదే పెద్ద లాభం. గానీ ఒపీనియన్‌కు పోయినోన్ని అట్లనే అడ్మిట్ చేయించుకునేటట్టు మాట్లాడితే ఆ పూట సంతకం పెట్టకుండ ఇంటికి రండి. తెలంగాణల ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు, అయినా మీ ఆపరేషన్‌కు ఆ హాస్పిటల్‌ల వర్తిస్తదా అని అక్కడ ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగాలె.

ఆన్‌లైన్‌ల ఎమ్మారై సీడీ పంపి అడుగుడు సులువే, బొమ్మలు చూసి చెప్తరు, కానీ నరాలెట్ల పనిచేస్తున్నయో మోకాలి మీద సుత్తితోటి కొట్టి చూసుడు ఫోన్‌ల ఎట్లైతది? నొప్పే లేనోళ్ల ఎమ్మారైలల్ల గూడ డిస్క్ బల్జ్ (డిస్క్ ఉబ్బింది) అని వస్తది, అందుకే మనిషిని ముట్టి చూడని ఒపీనియన్ నా లెక్కల సగమే. ఇగ మంగలి షాపుల మెడ విరిపించుకునేటోళ్లు మాత్రం దయచేసి బంద్ చెయ్యండి.

రెండో డాక్టర్ దగ్గరికి రిపోర్ట్ కాయితమొక్కటే కాదు, సీడీ, పాత ఎక్స్‌రేలు గూడ తీస్కపోండి. మొదటాయన ఏమన్నడో ముందే చెప్పకండి, చూసి చెప్పినంక అడగండి: ఆగితే ఏమైతది, ఆపరేషన్‌తోటి ఏం తిరిగొస్తది, ఏం రాదు? ఇద్దరూ ఒక్కటే చెప్తే తారీఖు పెట్టుకోండి, మూడోది వెతుక్కుంట తిరగకండి. అలంపూర్ దిక్కోళ్లకు కర్నూలు దగ్గర గాబట్టి చూపెట్టుకోవచ్చు, అది ఆంధ్ర గాబట్టి మన ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ నడుస్తదో లేదో బస్సెక్కక ముందే అడగండి.