బాబాయి సంతకం: హాల్స్ వదిలి ఉమ్మడి ఇంట్లో రెండేళ్లు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో డిగ్రీ చదివిన మూడేళ్లలో మొదటి ఏడాది యూనివర్సిటీ హాల్స్‌లో, అంటే హాస్టల్లో ఉన్నాను. మిగిలిన రెండేళ్లు హైడ్ పార్క్ ప్రాంతంలోని ఎర్ర ఇటుకల ఇళ్లలో, తోటి అమ్మాయిలతో కలిసి గడిపాను. గదుల వైశాల్యం, బస్సులు, దుకాణాల సంగతి ఎవరిని అడిగినా చెబుతారు, వాటి జోలికి పోను. నేను చెప్పవలసింది ఒక సంతకం గురించి. అది నా సంతకం కాదు, నా అద్దెకు హామీగా మా బాబాయి పెట్టినది.

హాల్స్‌ను వదలడానికి నాకున్న మొదటి కారణం వంటగది. ఒక అక్టోబరు రాత్రి తలుపు మూయడం మరిచి పప్పుకు పోపు పెట్టాను. ఎండుమిరపకాయల పొగ నడవాలోకి వెళ్లి అలారం మోగింది. మా భవనంలోని వాళ్లంతా చెప్పులతో, దుప్పట్లు కప్పుకుని బయట చలిలో నిలబడ్డారు. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు కానీ, ఆ తర్వాత చాలా రోజులు నేను పెరుగన్నంతోనే సరిపెట్టుకున్నాను. అందుకే ఉమ్మడి ఇంట్లోకి మారిన మొదటి వారంలో ఎంత సంబరపడ్డానో చెప్పలేను. గ్యాస్ పొయ్యి, పెరట్లోకి తెరుచుకునే కిటికీ, కుక్కర్ కూతకు ఉలిక్కిపడని మనుషులు. నా పప్పుచారు కోసం ఆదివారం ఎదురుచూసే ఇంగ్లిష్ అమ్మాయి కూడా ఒకరు. ‘హాల్స్ కన్నా ఇల్లే మేలు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది’ అని ఆ రోజుల్లో జూనియర్లకు గట్టిగా చెప్పాను.

అసలు చిక్కు అంతకు ఏడెనిమిది నెలల ముందే మొదలైంది. ఇక్కడ వచ్చే జూలైకి కావలసిన ఇంటిని నవంబరులోనే వెతుక్కోవడం అలవాటు. అంటే కాలేజీలో చేరి రెండు నెలలైనా నిండకముందే, ఏడాది పాటు ఎవరితో కలిసి బతకాలో తేల్చుకోవాలి. ‘ఆలస్యమైతే మంచి ఇళ్లు పోతాయి’ అని అందరూ పరుగులు పెడుతుంటే మేమూ పెట్టాం. ఐదుగురం పోగయ్యాం. వాళ్లలో ఇద్దరితో అప్పటికి నేను మనసు విప్పి మాట్లాడింది ఒకటి రెండుసార్లే.

ఏజెంటు ఒక్కొక్కరికీ బ్రిటన్‌లో ఉండే హామీదారు కావాలన్నాడు. లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టాలి. అది దాదాపు 3,000 పౌండ్లు, అప్పటి లెక్కన మూడు లక్షల రూపాయలకు కాస్త తక్కువ. నాన్న దగ్గర అంత సొమ్ము సిద్ధంగా లేదు. ఇంగ్లండ్‌లోనే కావెంట్రీలో మా పిన్ని వాళ్లుంటారు. బాబాయి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తారు. ఫోన్ చేసి అడిగితే ‘దానికేముందమ్మా, పంపించు’ అన్నారు. మర్నాడు పొద్దున డ్యూటీ దిగి వచ్చి, నిద్రపోకుండా కూర్చుని సంతకం చేసి పంపారు. విషయం విన్న అమ్మ మాత్రం ‘హామీ సంతకమా? ఒకసారి ఆలోచించావా?’ అంది. మా ఊళ్లో చిట్టీ పాడుకున్నవాళ్లకు హామీ ఉండి, పాడుకున్నవాళ్లు కట్టకపోతే తాము కట్టిన కుటుంబాలు ఆమెకు తెలుసు. ‘ఇది అద్దె ఇల్లమ్మా, చిట్టీ కాదు’ అని కొట్టిపారేశాను. ఆ ఇంగ్లిష్ కాగితం చదివింది నేను. ఒక్క ముక్క చదవకుండానే దాని సారం పట్టుకున్నది అమ్మ.

ఒప్పందంలో ఐదుగురం ‘ఉమ్మడిగానూ విడివిడిగానూ’ బాధ్యులమని ఉంది. ఎవరి గదికి వాళ్లు బాధ్యులన్నట్టు నాకు అర్థమైంది. నిజానికి దాని అర్థం, మొత్తం ఇంటి అద్దెను ఐదుగురిలో ఎవరి నుంచైనా వసూలు చేయవచ్చని. బాబాయి సంతకం చేసిన హామీ పత్రంలోనూ నా వాటా వరకే అన్న మాట ఎక్కడా లేదు.

2024 జనవరిలో మాలో ఒక అమ్మాయి చదువు మానేసి వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. శరదృతువు నుంచే ఆమె గది తలుపు ఎప్పుడూ మూసి ఉండేది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ నెలల్లో ఆమె ఎంత నలిగిపోయిందో మేము గమనించనే లేదు. ఆమె మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఫిబ్రవరి అద్దె రాలేదు, మార్చిదీ రాలేదు. ఆమె హామీదారు ఫోన్ ఎత్తలేదట. ఫోన్ ఎత్తేది మా బాబాయి. బకాయి కోరుతూ ఉత్తరం ఆయన ఇంటికే వెళ్లింది.

‘ఏమైనా ఇబ్బందుల్లో ఉన్నావా అమ్మా? డబ్బు అవసరమైతే నాకు చెప్పాలి కదా’ అని ఆయన ఫోన్‌లో అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అద్దె కట్టనిది నేనే అనుకున్నారు. నా వాటా ప్రతి నెలా ఒకటో తేదీనే కట్టానని చెప్పాను. నమ్మారు. అయినా ఆ ఉత్తరం ఆయన చేతికి వెళ్లడమే నాకు తలకొట్టేసినట్టయింది. పిన్ని అసలేమీ అనలేదు. ఆ మౌనం ఇంకా కష్టంగా ఉండింది. హాల్స్‌లో నా గదికి నేను విడిగా సంతకం చేశాను. పక్క గదిలో ఎవరున్నా, మానేసినా, ఆ బరువు నా మీద పడేది కాదు. ఇంత ముఖ్యమైన తేడాను ఇల్లు చూపించినప్పుడు ఎవరూ చెప్పరు. హామీ సంతకం చేసేవాళ్లకు అసలే చెప్పరు. నా బాధంతా ఇదే.

విద్యార్థుల అద్దె ఇళ్ల వ్యవహారాలు చూసే యూనిపోల్ అనే ఛారిటీ ఈ ఊళ్లోనే ఉంది. విద్యార్థి సంఘంలోనూ సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. సంతకానికి ముందు ఆ కాగితం పట్టుకుని ఒక్క గంట వాళ్ల దగ్గర కూర్చుని ఉంటే, హామీని నా వాటాకే పరిమితం చేయమని అడగవచ్చని నాకు అప్పుడే తెలిసేది. నేను వెళ్లింది మార్చిలో.

ఖాళీ అయిన గదికి మనిషిని మేమే వెతికాం. వచ్చేవాళ్లు పూర్తికాలం విద్యార్థే కావాలి. లేకపోతే అందరూ విద్యార్థులే కాబట్టి ఇంటికున్న కౌన్సిల్ టాక్స్ (స్థానిక ఇంటి పన్ను) పూర్తి మినహాయింపు పోతుంది. ఏప్రిల్ ఒకటిన ఒక పీజీ అమ్మాయి వచ్చింది. ఒప్పందంలో పేరు మార్చడానికి ఏజెంటు 150 పౌండ్లు అడిగాడు. 2019 నాటి అద్దెదారుల రుసుముల చట్టం ప్రకారం, అంతకన్నా ఎక్కువ ఖర్చయిందని చూపించకపోతే 50 పౌండ్లే తీసుకోవాలని రాశాం. 50కే ఒప్పుకున్నాడు. రెండు నెలల బకాయి మాత్రం నలుగురం తలా 250 పౌండ్ల చొప్పున భరించాం. బాబాయి తాను కడతానన్నా ఒప్పుకోలేదు.

ఖర్చు తగ్గుతుందని జూనియర్లకు చెప్పాను కదా, ఆ లెక్క తర్వాత కూర్చుని వేశాను. హాల్స్‌లో వారానికి 165 పౌండ్లు, 42 వారాలు, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అన్నీ కలిపి 6,930. ఇంట్లో వారానికి 115, కానీ 52 వారాలు. జూలై, ఆగస్టుల్లో నేను మా ఊళ్లో అమ్మ దగ్గర ఉన్నా అద్దె కట్టాల్సిందే. అది 5,980. గ్యాసు, కరెంటు వగైరాల్లో నా వాటా 850. మొత్తం 6,830. మిగిలింది 100 పౌండ్లే, బకాయికి కట్టిన ఆ 250తో అదీ పోయింది. వంటగది గురించి చెప్పిందీ నిజమే గానీ, ఆ సంబరం ప్రధానంగా మొదటి మూడు నెలలది. డబ్బు గొడవ వచ్చాక వారాల తరబడి నలుగురం నాలుగు వేళల్లో వండుకున్నాం.

అయినా మూడో ఏడాది హాల్స్‌కు తిరిగి వెళ్లలేదు. అదే వీధికి కాస్త అవతల, గదికి గది విడిగా ఒప్పందం రాసే ఇల్లు దొరికింది. వారానికి 12 పౌండ్లు ఎక్కువ. హామీ పత్రంలో నా గది అద్దె మాత్రమే ఉండేటట్టు రాయించుకున్నాను. ఆ ఏడాదంతా నిశ్చింతగా నిద్రపోయాను. గోడకు చెమ్మ, బాయిలర్ ఎప్పుడు వేయాలనే వాదనలు అక్కడా ఉన్నాయి. అవి నాకు పెద్దగా పట్టలేదు.

ఇంగ్లండ్‌లో కొత్త అద్దె చట్టం అమలు తేదీ 2026 మే 1. ఇటువంటి ఇళ్లకు నెలకు మించి అద్దె ముందుగా అడగడానికి దాని ప్రకారం వీల్లేదు. ఇన్ని నెలలని గడువు పెట్టిన ఒప్పందాలు కూడా ఉండవు, రెండు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. అందువల్ల నా కథలో కొంత పాతబడుతుంది. కానీ ఉమ్మడి ఒప్పందంలో ఒక్కరు నోటీసు ఇచ్చినా అది అందరికీ ముగుస్తుంది, ఉన్నంతకాలం బాధ్యత కూడా ఉమ్మడిదే. ఎవరితో కలిసి సంతకం చేస్తున్నామన్న ప్రశ్న అలాగే ఉంది.

నా పరిస్థితి వేరు. నాకు బాబాయి ఉన్నారు, వంట వచ్చు, వేసవికి ఇంటికి వెళ్లే అవకాశం ఉంది. వేసవి సెలవుల్లో కూడా ఇక్కడే ఉండి పని చేసుకునేవాళ్లకు 52 వారాల ఇల్లే లాభం కావచ్చు. కొత్త మనుషుల మధ్య బెంగపడే స్వభావం ఉన్నవాళ్లకు, చదువు కొనసాగుతుందో లేదో సందేహం ఉన్నవాళ్లకు రెండో ఏడాది కూడా హాల్సే మేలని నా అభిప్రాయం. ఆ మూసిన తలుపు గుర్తొచ్చినప్పుడల్లా ఇదే అనుకుంటాను.

మా చెల్లి కూడా ఇక్కడ చదవడానికి సిద్ధమవుతోంది. ‘అక్కా, మొదటి ఏడాది తర్వాత ఏం చేయమంటావు?’ అని అడుగుతోంది. గదికి విడి ఒప్పందం దొరికితే ఇల్లు, దొరక్కపోతే హాల్స్ అన్నాను. మొన్న బాబాయి ఫోన్ చేసి ‘దానికీ నేనే సంతకం చేస్తాను’ అన్నారు. కాగితం ముందు నాకు పంపించండి బాబాయ్, నేను చదివి చెప్పాకే పెన్ను తీయండి అన్నాను.