ప్రీమెడ్ ట్రాన్స్‌ఫర్ కోసం యూసీ క్యాంపస్‌లు చుట్టి వచ్చాం

మా అమ్మాయి కాలిఫోర్నియాలో, కుపర్టినోలోని డి ఆంజా అనే కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. తనది ప్రీమెడ్, అంటే మెడికల్ స్కూల్‌కి వెళ్లేముందు డిగ్రీలో చేసే తయారీ. మిగతా డిగ్రీకి వచ్చే ఏడాది ఏదో ఒక యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌కి) మారాలి. ఎవరిని అడిగినా ర్యాంకులే చెబుతున్నారు. మేం మాత్రం వెళ్లిన ప్రతిచోటా ఒక్కటే చూశాం: ఆర్గానిక్ కెమిస్ట్రీలో పిల్ల తడబడితే పట్టించుకునేవాళ్లు ఉన్నారా లేదా అని.

మెడికల్ స్కూళ్లకు అప్లికేషన్లు పంపే ఏఎమ్‌సీఏఎస్, చదివిన అన్ని కాలేజీల గ్రేడ్లూ కలిపి లెక్కేస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కి మళ్లీ విడిగా ఒక జీపీఏ (గ్రేడ్ల సగటు). కోర్సు మళ్లీ చేసి ఎ గ్రేడు తెచ్చుకున్నా పాత సి గ్రేడు అక్కడే ఉంటుంది. ఊళ్లో మా అమ్మకి ఇదంతా ఎంత చెప్పినా ఎక్కదు. బైపీసీ, నీట్, ఎంబీబీఎస్ లెక్కలో "దాని డాక్టరీ ఇంకా మొదలవ్వలేదా?" అనే అడుగుతుంది.

దగ్గరిదని ముందు బర్క్‌లీ వెళ్లాం. ఫ్రీమాంట్‌లో బార్ట్ అనే లోకల్ రైలు ఎక్కితే మధ్యలో మారకుండా డౌన్‌టౌన్ బర్క్‌లీలో దిగొచ్చు. హోటల్ ఖర్చు లేదు, పార్కింగ్ వెతుకులాట లేదు. కెమిస్ట్రీ క్లాసులు జరిగే పిమెంటెల్ హాల్లో వేదిక గుండ్రంగా తిరుగుతుంది. చూడ్డానికి సరదాగానే ఉంది గానీ, అంత పెద్ద హాల్లో చెయ్యెత్తి డౌటు అడిగే ధైర్యం మా పిల్లకు ఉందా అనిపించింది. పైగా అక్కడ సెమిస్టర్లు, డి ఆంజాలో అంతకంటే పొట్టివైన క్వార్టర్లు. ఆర్గానిక్ సిరీస్ సగంలో ఉండగా మారితే ఏది దేనికి సరిపోతుందో తేల్చుకోవడం పెద్ద తలనొప్పి. డి ఆంజాలో ఆర్గానిక్ కోర్సులు 12ఎ, 12బి, 12సి మూడూ పూర్తి చేసే కదలాలి.

లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ పక్కన వెస్ట్‌వుడ్‌లో హోటల్ రేట్లు చూసి, మనవాళ్ల కొట్లు ఎక్కువుండే ఆర్టీషియాలో దిగాం. పయనీర్ బులవార్డ్ మీద తిండికి లోటు లేదు, కానీ పొద్దున్నే 405 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ తిన్నదంతా అరిగిపోతుంది. ప్రీమెడ్ పిల్లలు ఆసుపత్రిలో వాలంటీర్లుగా చేయడానికి, అది క్యాంపస్‌లోనే ఉండటం మాత్రం గొప్ప సౌకర్యం. యూసీ శాన్ డియేగోలోనూ అంతే, క్యాంపస్‌కి ఆనుకునే జేకబ్స్ మెడికల్ సెంటర్. 2021 నుంచి ట్రాలీ అనే సిటీ రైలు నేరుగా క్యాంపస్‌కి వస్తోంది కాబట్టి దూరంగా గది తీసుకున్నా ఫర్వాలేదు. క్యాంపస్ ఉన్న లా హోయాలో అద్దెలు అడక్కండి.

ఒకచోట క్యాంపస్ టూర్ గైడ్‌గా బిజినెస్ చదివే కుర్రాడొచ్చాడు. పాపం, ప్రీమెడ్ సంగతి ఏది అడిగినా వెబ్‌సైట్ చూడమన్నాడు. టూర్ మానేసి, సైన్స్ విద్యార్థులకు సలహాలిచ్చే ఆఫీసుకీ ట్రాన్స్‌ఫర్ సెంటర్‌కీ వెళ్లడమే మేలు.

చివరికి యూసీ డేవిస్. చిన్న ఊరు, ఎక్కడ చూసినా సైకిళ్లే. డౌన్‌టౌన్‌లో మామూలు మోటెల్‌లో దిగి నడిచే తిరిగాం. విద్యార్థులే నడిపే యూనిట్రాన్స్ బస్సుల్లో ఎర్ర డబుల్ డెక్కర్ వస్తే మావారు ఫోన్ తీసి ఒకటే ఫోటోలు. కెమిస్ట్రీ ట్యూటరింగ్‌కి అపాయింట్‌మెంట్ లేకుండానే వెళ్లి కూర్చోవచ్చని అక్కడి పిల్లలు చెప్పారు. మాకు కావల్సింది అదే. ఇక్కడివీ క్వార్టర్లే కాబట్టి ఆ పరుగు మా అమ్మాయికి కొత్త కాదు. ఆసుపత్రి, మెడికల్ స్కూల్ శాక్రమెంటోలో ఉన్నాయి, బస్సెక్కాల్సిందే. అయితే అక్కడ క్లినికా టెపాటి, పాల్ హోమ్ ఏషియన్ క్లినిక్ లాంటి విద్యార్థుల క్లినిక్‌లలో డిగ్రీ పిల్లలూ వాలంటీర్లుగా చేస్తారు. ఎండ మాత్రం మన రెంటచింతలను గుర్తుచేస్తుంది. గాలి ఇటు తిరిగితే ఆవుల కొట్టం వాసన కూడా.

ఇంకో లాభం, డేవిస్‌కి ట్యాగ్ ఉంది. అంటే చెప్పిన కోర్సులు, జీపీఏ ఉంటే సీటు గ్యారంటీ. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకు ఆ సదుపాయం లేదు. ట్యాగ్ ఒక్క క్యాంపస్‌కే, అదీ సెప్టెంబర్‌లోనే పెట్టాలి. మా ట్యాగ్ డేవిస్‌కే. మామూలు అప్లికేషన్‌లో బర్క్‌లీ, శాన్ డియేగో కూడా పెడుతున్నాం. యూసీఎల్‌ఏ పెట్టాలా వద్దా అన్న దగ్గర తండ్రీకూతుళ్ల వాదన ఇంకా నడుస్తోంది.