వైద్యవిద్యలో ప్రవేశాలు: వ్యక్తిత్వ ప్రశ్నావళా, బహుళ లఘు ఇంటర్వ్యూలా?

వైద్య కళాశాలలో చేరగోరేవారి స్వభావాన్ని అంచనా వేసే మార్గాల్లో మొదటిది వ్యక్తిత్వ ప్రశ్నావళి. "మొదలుపెట్టిన పనిని పూర్తయ్యేదాకా వదలను" వంటి వాక్యాలతో ఎంతవరకు ఏకీభవిస్తారో అభ్యర్థులే గుర్తు పెడతారు. ఖర్చు తక్కువ, వేలమందికి ఒకేసారి పెట్టవచ్చు. బెల్జియం వైద్య విద్యార్థులపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో శ్రద్ధ, బాధ్యత అనే గుణాలు తొలి ఏళ్ల మార్కులకంటే చివరి ఏళ్ల మార్కులతోనే ఎక్కువగా ముడిపడి కనిపించాయి. అయితే సీటు కోసం పోటీపడేవారెవరైనా తమకు ఓర్పు లేదని రాస్తారా? నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

రెండవది, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2000 దశకం తొలి ఏళ్లలో రూపొందిన బహుళ లఘు ఇంటర్వ్యూ. అభ్యర్థులు ఒక్కోచోట కొద్ది నిమిషాలు గడుపుతూ వరుసగా అనేక గదులు తిరుగుతారు. ఒక గదిలో దుర్వార్త విని కుంగిపోయిన వ్యక్తిగా నటించే మనిషి ఎదురైతే, ఆ మనిషితో వారు ఎలా మాట్లాడతారో పరీక్షకులు గమనించి మార్కులు వేస్తారు. గదికొక పరీక్షకుడు ఉండటంవల్ల ఏ ఒక్కరి ఇష్టాయిష్టాలూ ఫలితాన్ని శాసించవు. సిబ్బంది, సమయం ఎక్కువే కావాలి. అయినా ఎంపికకు నేను దీన్నే సమర్థిస్తాను. ప్రశ్నావళిని మాత్రం ప్రవేశం తరువాత, ఏ విద్యార్థికి ఎక్కడ తోడ్పాటు అవసరమో తెలుసుకోవడానికి వాడటం మేలు. దాదాపు అన్నిచోట్లా నీట్‌లోని 720 మార్కులతోనే ఎంబీబీఎస్ సీటు తేలే మన దేశంలో సాధారణంగా ఈ రెండూ ఉండవు.