తొమ్మిది నిద్రల టికెట్లు: ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌తో మా కాశీ ప్రయాణం

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని అమ్మకు ఎప్పటి నుంచో కోరిక. నాన్న పోయాక ఆ మాట ఇంకా ఎక్కువగా అనేది. కూకట్‌పల్లిలో మా వీధి చివర ట్రావెల్స్ అతని దగ్గర మూడు నెలల ముందే, శంషాబాద్ నుంచి వారణాసికి రానూపోనూ ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో టికెట్లు తీశాను. ధర తక్కువ, విమానం శుభ్రంగా ఉంది, సామాను జాగ్రత్తగా వచ్చింది. నా బాధంతా వాళ్లు టైములు మార్చిన తీరు గురించే.

ఇంకా ఇరవై రోజులుందనగా ట్రావెల్స్ అతను వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. మేం తిరిగి వచ్చే విమానం రద్దు చేసి, మమ్మల్ని ముందు రోజు విమానంలో వేశారు. కింద పెద్దగా ‘యాక్సెప్ట్’ అని బటన్. "నొక్కేయమంటారా మేడం?" అన్నాడు. వద్దన్నాను. నొక్కితే మనం ఒప్పుకున్నట్టే. అమ్మకు ఎనిమిది నిద్రలే మిగులుతాయి.

కస్టమర్ కేర్ లైన్లో నలభై నిమిషాలు ఆగితే, "కావాలంటే రీఫండ్ తీసుకోండి" అన్నారు. అప్పటికి కొత్త టికెట్ రేటు దాదాపు రెట్టింపైంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం విమానం రద్దు చేస్తే వేరే విమానమో, రీఫండో, ప్రయాణికులకు సమ్మతమైనది ఇవ్వాలి. ఆ మాటే నెమ్మదిగా, గట్టిగా చెప్పాను. సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చి, మేం అనుకున్న తేదీకి మరుసటి రోజు పొద్దున విమానంలో పైసా అదనం లేకుండా వేశారు. "విశ్వనాథుడే ఇంకో రోజు ఉండమన్నాడు" అంది అమ్మ.

అసలు టెన్షన్ వెళ్లేటప్పుడు. రెండు టికెట్లకూ పీఎన్ఆర్‌లు వేరు. తిరుగు టికెట్‌లో నా ఫోన్ నంబరు పెట్టించాను కానీ, వెళ్లే టికెట్‌లో ట్రావెల్స్ నంబరే ఉండిపోయింది. ఆదివారం షాపు మూసి ఉంది. చెక్-ఇన్ చేద్దామని సాయంత్రం వెబ్‌సైట్ తెరిస్తే మర్నాడు పొద్దున 10:20 విమానం కాస్తా 6:15 అయి కూర్చుంది. చేతులు వణికాయి. రాత్రి రెండున్నరకు క్యాబ్‌లో బయల్దేరాం. అమ్మ ఒళ్లో పులిహోర డబ్బా, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా. దారంతా ఒక్క మాట అనలేదు.

పక్కపక్క సీట్లకు కట్టిన 700 రూపాయలు కూడా ఆ మార్పులో పోయాయి. నాకు 9వ వరుస, అమ్మకు 21లో మధ్య సీటు. తొలిసారి విమానమెక్కిన మనిషి, బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక మెడ చాచి చాచి ముందు వరుసల్లో నా కోసం చూసింది. పక్కనున్న కాలేజీ అమ్మాయి తనే లేచి నాకు సీటిచ్చింది. కౌంటర్ దగ్గర అడగగానే వీల్‌చైర్ తెప్పించి, గేటు దాకా "అమ్మా, అమ్మా" అంటూ తీసుకెళ్లిన కుర్రాడిని మాత్రం మరిచిపోలేను.

బుకింగ్‌లో మీ నంబరే ఉందో లేదో ముందు చూసుకోండి. విమానం రద్దయిన సంగతి 24 గంటల ముందు కూడా చెప్పకపోతే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల వరకు, లేదా బేసిక్ ఫేర్, ఫ్యూయెల్ ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలి. సరైన ఫోన్ నంబరు ఇవ్వనివాళ్లకు మాత్రం అది రాదు. వారానికోసారి పీఎన్ఆర్ కొట్టి టైము చూసుకోవడం తప్పనిసరి.

సీట్ల డబ్బుకు ఎయిర్‌లైన్ వాళ్లు రెండు మెయిళ్లకూ జవాబివ్వలేదు. పౌర విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టాక వెనక్కి వచ్చింది. ఐదుకు రెండున్నర ఇస్తాను. అందులో ఒకటి ఆ వీల్‌చైర్ కుర్రాడిదే. వచ్చే మాఘంలో అత్తయ్యను కాశీకి తీసుకెళ్లాలి. ఆ టికెట్లు నా నంబరు మీద నేనే తీస్తున్నాను.