చలికాలం తాబేలు నిద్రపోవాలని పెట్టె అంటగడతారు, కొనకండి

కడపలోగానీ చుట్టుపక్కల ఊళ్ళలోగానీ తాబేలు పిల్లల్ని కొన్నవాళ్ళు, కొందామనుకుంటున్నవాళ్ళు చలి ముదరకముందే ఇది చదవండి. నాకు అమ్మిన అంగడి పేరు రాయడం లేదు. చలికాలం నిద్రపోతాయని చెప్పి పెట్టె అమ్మే అంగడి అదొక్కటే అని కూడా నేననుకోవడం లేదు.

పోయిన దసరా సెలవుల్లో మా పాప పట్టుబట్టిందని ఒక అక్వేరియం అంగడికి వెళ్ళాను. ఆకుపచ్చ డిప్ప, కంటి వెనక ఎర్ర గీత, అరచేతిలో సగం కూడా లేని పిల్లలు. ఒకటి చాలన్నాను. "ఒంటిగా ఉంటే దిగులు పెట్టుకుంటాదన్నా" అని రెండిచ్చాడు. జత 800 రూపాయలు, బిల్లు లేదు. ఇంతకంటే పెరగవన్నాడు. ఆడవి దాదాపు అడుగు దాకా పెరుగుతాయని, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు కూడా బతుకుతాయని తర్వాత తెలిసింది. ఆ అబద్ధం చిన్నది, వదిలేద్దాం.

నవంబరు చివర్లో రెండూ తిండి తగ్గించాయి. ఒకదాని కళ్ళు కొంచెం ఉబ్బినట్టు అనిపించి అంగడికి తీసుకెళ్ళాను. అంగడాయన డబ్బా మూత తీసి లోపలికి సరిగ్గా చూడనైనా చూడలేదు. "ఏం కాదులే అన్నా, నిద్రకొస్తాండాయి. చలికాలం కదా" అని ఫోన్‌లో ఒక విదేశీ వీడియో చూపించాడు. అందులో ఎవరో ఫ్రిజ్‌లోంచి తాబేలును తీస్తున్నారు, అది మెల్లగా కళ్ళు తెరుస్తోంది. చూస్తే ఎవరైనా నమ్ముతారు. ఆ వెంటనే బల్ల కింద నుంచి తెల్ల థర్మోకోల్ పెట్టె తీశాడు. లోపల వరి ఊక, మూతకు నాలుగు బొక్కలు, పేరు లేని ఒక పొడి ప్యాకెట్. 650 రూపాయలు. "శివరాత్రి దాకా తెరవొద్దు. మధ్యలో లేపితే చచ్చిపోతాయి, మళ్ళా నన్నంటే లాభం లేదు."

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. జబ్బు చేసిన ప్రాణిని మూడు నెలలు మన కంటికి కనపడకుండా చేసే మాట అది. శివరాత్రికి తెరిచి చూస్తే చచ్చి ఉంటుంది, తప్పేమో మనదవుతుంది.

నమ్మి కొని రెండింటినీ అందులో పెట్టాను. పంతొమ్మిదో రోజు వాసన వచ్చి పెట్టె తెరిచాను. ఒకటి పోయింది. డిప్ప కింద పొట్ట భాగం మెత్తబడి, ఊక అంటుకుపోయి ఉంది. రెండోది కాళ్ళు కదిలిస్తోంది కానీ రెండు కళ్ళూ ఉబ్బి మూసుకుపోయాయి, ముక్కు దగ్గర చిన్న బుడగ వచ్చి పగులుతోంది. మా పాప వంగి చూసి "నాన్నా, దీని కండ్లు ఏమైనాయి?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

అక్కడా ఇక్కడా విచారించి ఒక పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. పెట్టె సంగతి విని ఆమె కోపంగానే అడిగింది: "నీళ్ళలో బతికే దాన్ని ఊకలో పెట్టమని ఎవరు చెప్పినారండీ?"

నేలమీద తిరిగేదాన్నీ తాబేలే అంటాం, నీళ్ళలో ఉండేదాన్నీ తాబేలే అంటాం. అంగడాయన ఆడుకున్నది అక్కడే. వీడియోలోది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల నేల తాబేలు. చల్లని దేశాల్లో వాటిని పెంచేవాళ్ళు చలికాలం నిద్రపుచ్చడం నిజమే. అయితే ముందు ఆరోగ్యం చూపిస్తారు, కడుపు ఖాళీ అయ్యేలా రెండు మూడు వారాలు తిండి ఆపి, గోరువెచ్చని నీళ్ళలో స్నానాలు చేయిస్తారు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర నిలిపి, గాలి కోసం తలుపు తెరుస్తూ, తరచూ తూకం వేస్తారు. జబ్బుగా ఉన్నదాన్ని నిద్రపుచ్చనే పుచ్చరు.

మాది అమెరికా మిసిసిపి నది వైపు పుట్టిన నీటి తాబేలు, ఎర్ర చెవుల రకం. అక్కడ గడ్డకట్టే చలికి అది కూడా మందగిస్తుంది, కానీ చెరువు అడుగున, నీళ్ళలోనే. కడపలో డిసెంబరు రాత్రి మనం దుప్పటి కప్పుకునేది 18 డిగ్రీలకి, మధ్యాహ్నం మళ్ళీ 30. ఆ వేడికి నిద్ర పట్టదు, ఒంట్లో పని ఆగదు, పెట్టెలో తిండి పెట్టేవాళ్ళు ఉండరు. తిండీ నీళ్ళూ లేక ఒంట్లోని కొవ్వంతా కరిగిపోతుంది. దాన్నే ఆయన నిద్ర అన్నాడు.

తిండి తగ్గడానికి కారణం కూడా ఆమె చెప్పింది. రాత్రుళ్ళు టబ్బు నీళ్ళు చల్లబడుతున్నాయి. అంగడిలో ఇచ్చిన ఎండు రొయ్యలే రోజూ వేయడంతో విటమిన్ ఎ తగ్గి కళ్ళు వాచాయి. నీళ్ళు 25 డిగ్రీలకు తగ్గకుండా చిన్న హీటరు, ఎక్కి ఆరడానికి ఒక రాయి, దాని మీద వెచ్చని బల్బు, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ లైటు పెట్టమంది. విటమిన్ ఇంజెక్షన్ మాత్రం డాక్టరే వేయాలి, మోతాదు మించితే అదీ ప్రమాదమే. నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి ఈదినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా నిమోనియా కావచ్చు, ఆలస్యం చేయొద్దు. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, అక్కడ అడిగి చూడండి.

చచ్చినదాన్ని గుడ్డలో చుట్టుకుని అంగడికి వెళ్ళాను. "ప్రాణమున్న సరుక్కి గ్యారంటీ ఎవరిస్తారన్నా" అన్నాడు. నేను గొంతు పెంచేసరికి నన్ను పక్కకు పిలిచి, తువ్వాలు కప్పిన బకెట్ చూపించాడు. నల్ల డిప్ప మీద పసుపు గీతలు, నక్షత్ర తాబేలు. "ఇదైతే నిద్రపోతాది, లక్ష్మి కూడా. మీకని రెండు వేలకిస్తా."

దీనికి మాత్రం ఎవరూ ఆశపడకండి. అది మన రాయలసీమ గుట్టల్లో తిరిగే జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే, శిక్ష పడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. పైగా అది ఆ యూరప్ తాబేళ్ళలా చలి నిద్ర పోయే రకమే కాదు. అటవీ శాఖకు ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చేసరికి బకెట్ లేదు.

నా తప్పు నాకుంది. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం అంగడికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను దాన్ని అడగలేదు, బిల్లు కూడా తీసుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే మొదట అడిగింది బిల్లే. ఇంకో మాట, విసుగొచ్చి ఈ ఎర్ర చెవుల వాటిని మన కడప బుగ్గవంక వాగులోనో చెరువులోనో వదలకండి. అవి అక్కడ స్థిరపడితే మన తాబేళ్ళకు తిండి, చోటు మిగలవు. ముట్టుకున్న పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి అంటుకుంటుంది. అమెరికాలో నాలుగు అంగుళాల లోపు పిల్లల అమ్మకాన్ని 1975లోనే ఆపింది అందుకే.

రెండోది బతికింది. మా బామ్మర్దికి బంగారు పని, ప్రతి ఆదివారం ఆయన కాటా మీదే తూస్తున్నాం. మొదటిసారి 19 గ్రాములు, మొన్న 31. "ఇదే బంగారమైతే ఎంతయ్యేదో" అని ఆయన నవ్వుతాడు.

నిన్న సాయంత్రం ఆ అంగడి ముందు నుంచి వచ్చాను. గుమ్మం పక్కన తెల్ల పెట్టెలు మళ్ళీ పేర్చి ఉన్నాయి. ఈసారి మూతల మీద స్కెచ్ పెన్నుతో "చలికాలం స్పెషల్" అని రాశాడు.