దుబాయ్ నుంచి ఇంటికి: బోటిమ్ వీడియో కాలా, వాట్సాప్ వాయిస్ మెసేజా?

యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ మాత్రం కలవవు. వీడియో కాల్‌కు అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ కావాలి. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఈ తంటా అందుకే.

సమయం: అక్కడ రాత్రి 9 అయితే ఇక్కడ 10:30. కాల్‌కు పిల్లలు మేలుకొని ఉండాలి. వాయిస్ పొద్దున విన్నా సరే.

శ్రమ: బోటిమ్ రెండు వైపులా ఉండాలి. వాయిస్‌కు మైక్ గుర్తు నొక్కి పైకి జరిపితే చాలు, వేలు తీసినా రికార్డవుతుంది. ఒక మెసేజ్‌లో ఒకే విషయం చెప్పండి. మూడు కలిపితే ఒక్కదానికే జవాబొస్తుంది.

నెట్: క్యాంపు వైఫై మీద అందరూ పడే వేళ వీడియో ఆగిపోతుంది. కెమెరా ఆపి మాటలే ఉంచండి.

రిస్క్: వాట్సాప్ కాల్ కోసం వీపీఎన్ (నెట్ ఆంక్షల్ని దాటించే యాప్) జోలికి పోవద్దు, దుర్వినియోగానికి అక్కడ జరిమానా 5 లక్షల దిర్హామ్‌ల నుంచి మొదలు. వాయిస్‌లో ముప్పు వేరే: అప్పు, భూమి మాటలు ఫ్యామిలీ గ్రూపులో పడితే ఊరంతా వింటుంది.

చిన్నపిల్లలుంటే సెలవు రోజున వీడియో. షిఫ్టు డ్యూటీ అయితే వాయిస్.