ట్యాంకర్ డ్రైవర్ల లైసెన్సులు చూసిపెట్టే మాధవరం ఆఫీసు: ఇచ్చిన డబ్బుకి తగ్గ పనేనా?

చెన్నై మనలిలో మా మామయ్యగారి ట్యాంకర్ల ఆఫీసులో లెక్కలు, కాగితాలు నేనే చూస్తాను. బండ్లు డజను లోపే. డ్రైవర్లలో ఎక్కువమంది నాయుడుపేట, సూళ్లూరుపేట, కావలి వైపు వాళ్లు. బండి కాగితాలతో నాకు పెద్ద ఇబ్బంది లేదు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ బండితోపాటే ఉంటాయి. టెన్షనంతా డ్రైవర్లతోనే. ఒకతను లీవు పెట్టి ఊరెళ్తాడు, బదులుగా వాళ్ల బావమరిది దిగుతాడు, "అంతా కరెక్టుగా ఉందక్కా" అంటూ లైసెన్సు కార్డు అలా చూపించి ఇలా జేబులో పెట్టేస్తాడు.

అందుకే పోయినేడాది నుంచి ఈ పని మాధవరంలో ఒక చిన్న ఆఫీసుకి ఇచ్చాం. లారీ టెర్మినల్ దగ్గర కాటా పక్క సందు, టైర్ల షాపు మేడ మీద. బోర్డు లేదు. ఆఫీసు నడిపే ఆయన ఇష్టపడరు కాబట్టి పేరు రాయడం లేదు. అక్కడ ఎవరినడిగినా 'సర్వేయర్ సార్' ఆఫీసని చూపిస్తారు. ఇదివరకు యాక్సిడెంట్ క్లెయిములు చూసేవారట, ఆ చూపు ఇంకా పోలేదు. మనం తేదీ చూస్తాం, ఆయన ఏ తేదీనో చూస్తారు.

విషయం ఇది. లైసెన్సు కార్డు మీద ఒకటి కాదు, రెండు మూడు గడువులుంటాయి. సొంత కారు, బైకు నడపడానికి ఒకటి. ట్రాన్స్‌పోర్టు బండికి ఇంకొకటి, అది 5 ఏళ్లే. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ లాంటి ప్రమాదకరమైన సరుకు తోలడానికి లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంట్, అంటే ప్రత్యేక అనుమతి, కావాలి, దాని గడువు 3 ఏళ్లు. 2019 చట్ట సవరణకి ముందు అది ఏడాదే ఉండేది, పాత డ్రైవర్లు ఇప్పటికీ ఏడాదనే అనుకుంటారు, కొందరు అసలు పట్టించుకోరు. మా దగ్గర చేరడానికి వచ్చిన ఒకాయన కార్డు చూసి నేను "2031 దాకా ఉందిగా" అన్నాను. సర్వేయర్ గారు కార్డు తిప్పి, వేలు పెట్టి చూపించారు: 2031 కారు గడువు, ట్రాన్స్‌పోర్టు గడువు ఆ నెలాఖరుకే, హజార్డస్ అయితే ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత కార్డుతో ఆగలేదు. నంబరు, పుట్టిన తేదీ కొట్టి లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు సారథి పోర్టల్లో రికార్డు తీసి, కార్డు పక్కన పెట్టి సరిపోల్చారు. కొత్తగా ఎవరొచ్చినా ఇదే వరస.

ఇంత పట్టింపు ఎందుకని మామయ్యగారే మొదట్లో విసుక్కున్నారు. లైసెన్సు చెల్లని మనిషికి బండి ఇస్తే ఓనరు మీద కేసు: మోటారు వాహనాల చట్టం 5, 180 సెక్షన్లు, 5,000 జరిమానా, లేదంటే మూడు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. ఆ 5,000 ఎవరినీ భయపెట్టదు. యాక్సిడెంటయితే వచ్చేదే అసలు దెబ్బ. దెబ్బతిన్నవాళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీ ముందు డబ్బు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకునే పద్ధతి ఉంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడా ఇది ఉంది. అయితే అదే తీర్పులో, డ్రైవర్ని పెట్టుకునేటప్పుడు ఓనరు తగిన జాగ్రత్త తీసుకున్నాడా అన్నది కూడా చూడాలన్నారు. సర్వేయర్ గారు ఉంచే ఫైలు సరిగ్గా దానికే: ఏ తేదీన కార్డు చూశాం, పోర్టల్ ప్రింటు, డ్రైవరు సంతకం. ఇది విన్నాక మామయ్యగారు మళ్లీ మాట్లాడలేదు.

నాకు బాగా నచ్చింది రెన్యువల్ ప్లానింగ్. గడువుకి ఏడాది ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. గడువు దాటాక కూడా ఏడాది దాకా అప్లికేషన్ తీసుకుంటారు గానీ, ఆ మధ్యలో బండి తోలితే లైసెన్సు లేనట్టే. ఏడాది కూడా దాటిందా, మళ్లీ టెస్టు. అందుకని మావాళ్ల తేదీలన్నీ రాసుకుని, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడే అక్కడి ఆఫీసులో పని అయిపోయేలా డిసెంబరులోనే కాగితాలు కట్టి చేతికిస్తారు. హజార్డస్‌కి కొత్తవాళ్లకి 3 రోజుల ట్రైనింగు, రెన్యువల్‌కి ఒకరోజు రిఫ్రెషరు.

మెడికల్ సర్టిఫికెట్ విషయంలో మాత్రం ఆయన చాదస్తానికి దండం పెట్టాలి. ఫారం 1ఎ మీద సంతకం ఎక్కడైనా దొరుకుతుంది, అది ఎలా దొరుకుతుందో అందరికీ తెలుసు. ఈయన డ్రైవరు చేతిలో ట్రెమ్ కార్డు పెడతారు, అంటే సరుకు కారినా అంటుకున్నా ఏం చేయాలో రాసి క్యాబిన్‌లో ఉంచే కార్డు. "చదువు నాయనా" అంటారు. మా పెద్ద డ్రైవరు దాన్ని మూరెడు దూరం పట్టుకుని, కిటికీ వైపు తిరిగి, కళ్లు చికిలించాడు. అంతే, ముందు కంటి డాక్టరు, తర్వాతే ఫారం. ఇప్పుడతను కళ్లద్దాలతో తోలుతున్నాడు, రాత్రిపూట ఎదురు లైట్లు ఇంతకుముందులా కొట్టడం లేదంటున్నాడు.

ఇంకో సంగతి. డబ్బు వచ్చే చోట కూడా వద్దంటారు. మా స్పేర్లు తెచ్చే చిన్న పికప్ కుర్రాడికి వేరే ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ తీయించమని అడిగితే, "అక్కర్లేదమ్మా, బండి 7,500 కిలోల లోపుది, కారు లైసెన్సు చాలు" అన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది అదే.

ఇక లోపాలు. మెసేజ్‌లన్నీ తమిళంలో వస్తాయి. మావాళ్లకి తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. గొడవపడితే ఇప్పుడు తెలుగులో వాయిస్ మెసేజ్ పంపుతున్నారు, అదీ అసిస్టెంటు అమ్మాయి లీవులో లేకపోతేనే. ఆంధ్రా లైసెన్సులో పేరు, చిరునామా తప్పులుంటే "మీ ఊళ్లోనే చేయించుకోండి" అని చేతులెత్తేస్తారు. రిఫ్రెషరు తేదీ లోడింగ్ ఎక్కువుండే రోజున పెట్టి, చివరి నిమిషంలో చెప్పడం మరీ చిరాకు. ఆ రోజు బండి నిలిచిన నష్టం ఎవరిస్తారు?

ఫీజు డ్రైవరుకి ఏడాదికి 1,200. ప్రభుత్వ ఫీజు వేరు, దానికి రసీదు ఇస్తారు. ఒకటి రెండు బండ్లున్నవాళ్లకి ఇది దండగ, ఫోన్లో గడువులు రాసుకుంటే సరిపోతుంది. డ్రైవర్లు తరచూ మారేవాళ్లకి, ముఖ్యంగా ట్యాంకర్లవాళ్లకి, కళ్లు మూసుకుని చెబుతాను. ఐదుకి నాలుగు స్టార్లు.

వెళ్లేవాళ్లు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, పొద్దున ఆయన ఆర్టీవో ఆఫీసులో ఉంటారు. వాట్సాప్ ఫోటోలు, జెరాక్సులు తీసుకోరు. డ్రైవరు, అతని ఒరిజినల్ కార్డు రెండూ రావాల్సిందే.